వేరుకు గాలి ఆడాలి: అడవి వాండా మీద పాఠకుల ప్రశ్నలు

మన మామిడి తోటల్లోనూ కొండ అడవుల్లోనూ చెట్ల కొమ్మలు పట్టుకుని పెరిగే వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ గురించి ఉత్తరాలు చాలా వచ్చాయి. అందుకే ఈ సంచికలో ఈ శీర్షికను మొత్తం ఆ ఒక్క మొక్కకే కేటాయించాం. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మా మామిడి తోటలో రెండు ముసలి చెట్ల మీద పట్టీల్లాంటి ఆకులతో ఒక మొక్క పెరిగింది. పెన్సిలంత లావు తెల్లటి వేర్లు కొమ్మ చుట్టూ పాకి ఉన్నాయి. మే నెలలో మంచి వాసనతో పూలు పూసింది. కూలీలేమో ఇది బదనిక, కాయలు తగ్గిపోతాయి, కొట్టేయాలి అంటున్నారు. — రైతు, నూజివీడు

కొట్టకండి. మీరు రాసిన గుర్తులను బట్టి అది వాండా టెస్సెలాటా. పల్లెల్లో దీన్ని కూడా బదనిక అనడం వల్లే ఈ చిక్కు వస్తోంది. మామిడికి నిజంగా నష్టం చేసే బదనిక వేరే మొక్క. దానికి కర్ర కొమ్మలుంటాయి. మామూలు చెట్టు ఆకుల్లాంటి మందపాటి ఆకులు, గొట్టాల్లాంటి ఎర్రటి, నారింజ పూలు ఉంటాయి. అది కొమ్మలోపలికి చొచ్చుకుపోయి నీరు, పోషకాలు లాగేస్తుంది. అది అతుక్కున్న చోట కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది, ఆపై భాగం క్రమంగా ఎండుతుంది. దాన్ని ఉబ్బుకు కింద నుంచి కోసి తీసేయాల్సిందే.

వాండా అలా కాదు. దాని వేర్లు బెరడు పైనే ఉంటాయి, ఒక్కటీ లోపలికి దిగదు. వానచినుకు, మంచు, బెరడు మీద పేరుకున్న దుమ్ము, రాలి కుళ్ళిన ఆకుల పొడి, ఇవే దాని ఆహారం. చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే. అనుమానం తీరాలంటే ఒక వేరును మెల్లగా లేపి చూడండి. బెరడు చెక్కుచెదరకుండా ఉంటే అది వాండా.

మరికొన్ని గుర్తులు చెబుతాం. ఆకులు కాండానికి అటూ ఇటూ రెండు వరసల్లో వస్తాయి, మధ్యలో పొడుగునా గాడి ఉంటుంది, కొస నున్నగా ముగియక రెండు మూడు ఎగుడుదిగుడు పళ్ళతో ఉంటుంది. పువ్వు వెడల్పు నాలుగైదు సెంటీమీటర్లు. రేకులు పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చలో గోధుమరంగు గళ్ళతో ఉంటాయి, వెనక వైపు తెలుపు. పెదవి రేకు ఊదా, నీలి ఛాయల్లో ఉంటుంది. ఆ గళ్ళ వల్లే దీనికి శాస్త్రీయ నామంలో టెస్సెలాటా చేరింది. సామర్లకోటలో ఏళ్ళ తరబడి మన మొక్కలను బొమ్మలతో సహా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువరించిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటిలో ఇది ఉంది. అంటే ఆర్కిడ్ శాస్త్రం దృష్టికి తెలుగు నేల నుంచి తొలినాళ్ళలోనే వెళ్ళిన మొక్క ఇది. ఇవాళ పెంచే సంకర వాండాల్లో కొన్నిటికి సువాసన దీని నుంచే వచ్చింది. మీ తోటలో దానంతట అది పెరిగిందంటే అదృష్టమే అనుకోండి.

ప్రశ్న: పాడేరు వైపు వెళ్ళినప్పుడు అడవిలో విరిగిపడ్డ కొమ్మ మీద ఈ మొక్క చూశాం. ఇంటికి తెచ్చుకోవచ్చా? దారిలో కొందరు అమ్ముతున్నారు కూడా. — పాఠకురాలు, విశాఖపట్నం

తేవద్దు, దారి పక్కన అమ్మేవి కొనవద్దు. రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా ఏ మొక్కను తెచ్చినా 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. విరిగిపడ్డ కొమ్మకూ అదే వర్తిస్తుంది. అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానవనాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అనుబంధాల్లో ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఉంది కాబట్టి పత్రాలు లేకుండా దేశం దాటించడం కుదరదు. పడిపోయిన మొక్క మీద జాలి కలిగితే దాన్ని అక్కడే పక్క చెట్టు కొమ్మల పంగలో ఆనించి వచ్చేయండి. వానాకాలమైతే వేరు పట్టుకుంటుంది.

చట్టం సంగతి అలా ఉంచినా అడవి నుంచి పీకిన మొక్క ఇంట్లో బతకడం కష్టం. పీకేటప్పుడు వేర్లలో ఎక్కువ భాగం తెగి చెట్టు మీదే ఉండిపోతాయి. మిగిలిన మొండి వేర్లతో ఆకులు తడి అందక ముడతలు పడతాయి. కొన్నవాళ్ళు నీళ్ళు సరిపోలేదనుకుని ఇంకా పోస్తారు, మొండి వేర్లు కుళ్ళుతాయి.

ల్యాబ్‌లో పెంచిన మొక్కలు అమ్మే నర్సరీల్లో కొనండి. గుర్తుపట్టడం సులువే. నర్సరీ మొక్కలు ఒకే ఈడువి, ఒకే పొడవువి వరుసగా ఉంటాయి, వేర్లు బుట్ట ఆకారంలో తిరిగి ఉంటాయి, వేళ్ళ కొసలు తెగకుండా ఉంటాయి. అడవి నుంచి తెచ్చిన వాటిలో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. వేర్లు ఒక పక్కకే చదునుగా అణిగి, చివర్లు తెగి, బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి. ఆకుల మీద పాత మచ్చలు, నాచు ఉంటాయి. సొంత తోటలో చెట్టు కొట్టాల్సి వచ్చినప్పుడు దాని మీది వాండాను కాపాడుకోవడం వేరే సంగతి. అప్పుడు వేర్లు లాగకండి, మొక్క ఉన్న కొమ్మ ముక్కనే రంపంతో కోసి తెచ్చి వేలాడదీయండి.

ప్రశ్న: కుండీలో ఎర్రమట్టి, వర్మీకంపోస్టు కలిపి వాండా నాటాను. రెండు నెలల్లో కింది ఆకులు పసుపెక్కి రాలాయి, పై ఆకులు ముడతలు పడ్డాయి. రోజూ నీళ్ళు పోస్తున్నా ఎండిపోతోంది. — పాఠకుడు, కరీంనగర్

నీళ్ళు పోస్తున్నందుకే ఎండిపోతోంది. వాండా వేరు పై పొర తెల్లగా, స్పంజిలా ఉంటుంది. అది జీవం లేని కణాల పొర. వాన పడిన నిమిషాల్లో నీటిని పీల్చుకుని, లోపలి వేరుకు అందించి, మళ్ళీ గంటల్లో ఆరిపోయేలా తయారైంది. తడిసినప్పుడు ఆ పొర పారదర్శకమై లోపలి ఆకుపచ్చ కనబడుతుంది. ఆరితే మళ్ళీ తెలుపు. మట్టిలో పూడ్చితే ఆ పొర ఎప్పుడూ తడిగానే ఉంటుంది, గాలి ఆడదు, లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు, శిలీంధ్రాలు చేరి వేరు కుళ్ళుతుంది. వేర్లు పోయాక కుండీలో ఎంత తడి ఉన్నా పీల్చే దారి లేదు. అందుకే ఆకులు దాహంతో ముడుచుకుంటాయి. వాండా సాగులో తెలుసుకోవాల్సింది ముందుగా ఇదే: వేరు తడవాలి, చీకటి పడేలోపు ఆరాలి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మొక్కను కుండీతో సహా నీళ్ళ బకెట్లో పావుగంట ఉంచి, మట్టి మెత్తబడ్డాక బయటికి తీయండి. వేర్లను పారే నీటి కింద కడగండి. ఒక్కో వేరును వేళ్ళ మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టు, రంగు కాస్త మాసినా ఫరవాలేదు. మెత్తగా నలిగి, పై పొర జారిపోయి లోపల దారంలాంటిది మిగిలితే చచ్చిపోయినట్టు. చచ్చిన వేర్లను గట్టి భాగం దాకా కత్తిరించండి. ప్రతి కోతకూ ముందు కత్తెరను మంటలో కాల్చి చల్లార్చండి, లేదా స్పిరిట్‌తో తుడవండి. లీటరు నీటికి 2 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని కలిపి వేర్లను పది నిమిషాలు ముంచి తీయండి. దాల్చినచెక్క పొడి అద్దే అలవాటు ఉంటే కోసిన చోట మాత్రమే అద్దండి. మంచి వేరుకు తగిలితే దాన్ని ఎండబెట్టేస్తుంది.

ఆ తరవాత ఒకటి రెండు రోజులు నీళ్ళు లేకుండా నీడలో నిలువుగా వేలాడదీయండి. కోతలు ఆరాలి. మూడు, అంతకంటే ఎక్కువ మంచి వేర్లు మిగిలితే కింద చెప్పిన పద్ధతిలో చెక్కకు కట్టేయండి. ఒకటో రెండో మిగిలితే పొడవాటి గాజు పాత్రలో అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి, వేర్లు నీటికి తగలకుండా పైన ఆనించండి. పాత్ర మూతి తెరిచే ఉంచాలి. రోజూ ఉదయం వేర్లను ఒకసారి తడపండి. వెలుతురున్న నీడ కావాలి, నేరుగా ఎండ వద్దు. ఈ దశలో ఎరువు వేయొద్దు, పీల్చుకోలేని వేరు మీద ఉప్పు పేరుకుంటుంది. కాండం పక్క నుంచి ఆకుపచ్చ కొసతో కొత్త వేరు పొడుచుకు రావడానికి ఒకటి రెండు నెలలు పట్టొచ్చు. అది వచ్చిందంటే మొక్క గట్టెక్కినట్టే. ముడతలు పడ్డ పాత ఆకులు పూర్తిగా నునుపు తేలవు, వాటి కోసం కంగారు పడకండి.

ప్రశ్న: నర్సరీ నుంచి చిన్న వాండా తెచ్చాను. చెట్టుకు కట్టాలా, బుట్టలో పెట్టాలా? కట్టే పద్ధతి వివరంగా చెప్పండి. — పాఠకురాలు, రాజమహేంద్రవరం

మీ ఊరి గాలిలో తేమ ఉంటుంది కాబట్టి పెరట్లో చెట్టు ఉంటే దానికి కట్టడమే అన్నిటికన్నా మేలు. గరుకు బెరడు చెట్టు ఎంచుకోండి: మామిడి, చింత, ఇప్ప బాగా నప్పుతాయి. జామ, యూకలిప్టస్ వద్దు. వాటి బెరడు పొరలుగా ఊడుతుంది, వేరు పట్టు తప్పుతుంది.

కట్టే అదను తొలకరి. జూన్, జూలైల్లో వేళ్ళ కొసలు ఆకుపచ్చగా చురుగ్గా ఉంటాయి, ఆ కొసలే బెరడును పట్టుకునేవి. చలికాలంలో కడితే కొసలు తెల్లగా మూసుకుని ఉంటాయి, వేసవి వచ్చేదాకా మొక్క పట్టు లేకుండా వేలాడుతుంది.

మాను మీద తూర్పు వైపు, నిలబడి చేయి అందే ఎత్తులో చోటు చూడండి. ఉదయపు ఎండ పడాలి, మధ్యాహ్నం ఆకుల నీడ ఉండాలి. వేర్లను పావుగంట నీళ్ళలో నాననివ్వండి, పొడిగా ఉంటే వంచినప్పుడు విరుగుతాయి. కాండం అడుగు భాగాన్ని బెరడుకు ఆనించి, మొక్క కొన కొద్దిగా బయటికి వాలేలా ఉంచండి. ఇలా వంచడం ముఖ్యం. నిటారుగా ఉంటే మొవ్వులో వాననీరు నిలుస్తుంది. నూలు తాడుతోనో, చేపల గాలపు దారంతోనో కాండాన్ని రెండు చోట్ల, వేర్లను ఒకటి రెండు చోట్ల కట్టండి. రాగి తీగ వాడొద్దు, తడికి కరిగిన రాగి వేళ్ళ కొసలను చంపుతుంది. దారం కాండంలోకి కోసుకుపోకూడదు, మొక్క మాత్రం కదలకూడదు. గాలికి మొక్క ఊగితే కొత్త వేరు కొస బెరడుకు రాసుకుని నల్లబడిపోతుంది. కట్టిన మొక్కలు ఏళ్ళు గడిచినా పట్టుకోకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. నూలు తాడు ఒకటి రెండు వానాకాలాల్లో దానంతట అదే చివికిపోతుంది, ఆపాటికి వేర్లు పట్టుకుని ఉంటాయి.

చెట్టు లేనివాళ్ళు పాత టేకు చెక్క వాడొచ్చు. అడుగు పొడవు, జానెడు వెడల్పు చాలు. రంగు, వార్నిష్, చెదల మందు పూసినది వద్దు. చెక్కకు, వేర్లకు మధ్య కొబ్బరి పీచు పలుచగా పరవడం తెలంగాణ, రాయలసీమ వంటి పొడి ప్రాంతాల్లో పనికొస్తుంది. కోస్తాలో అది లేకపోవడమే మంచిది. ఎక్కడైనా సరే, కాండం మొదలు చుట్టూ పీచు కప్పకండి.

బుట్ట పద్ధతికి చెక్క పట్టీలతో చేసిన ఆరంగుళాల బుట్ట చాలు. అందులో గుడ్డు సైజు బొగ్గు ముక్కలు రెండు వంతులు, పెంకు ముక్కలు ఒక వంతు వదులుగా పోయండి. మొక్కను నిలబెట్టడానికే అవి, వేర్లను కప్పడానికి కాదు. వేర్లు పట్టీల సందుల్లోంచి బయటికి వేలాడితే వేలాడనివ్వండి. చాలామంది వాటిని తిరిగి లోపలికి తోస్తారు, తోయొద్దు. బయట గాలిలో వేలాడే వేరే ఆరోగ్యంగా ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో బోరు నీళ్ళే దిక్కు. వేర్ల మీద తెల్లటి పొర పేరుకుంటోంది. వేసవిలో రోజుకు ఎన్నిసార్లు నీళ్ళివ్వాలి? — పాఠకుడు, హైదరాబాద్

ఆ పొర నీటిలోని ఉప్పు. వేరు సహజమైన తెలుపుకూ దీనికీ తేడా ఉంది. తడిపినప్పుడు మామూలు వేరు ఆకుపచ్చకు మారుతుంది, ఉప్పు పేరుకున్న వేరు మచ్చలు మచ్చలుగా తెల్లగానే ఉండిపోతుంది, కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. నీటిలో కరిగిన లవణాలను చూపే చిన్న టీడీఎస్ మీటరుతో నీటిని కొలవండి. 200 లోపు ఉంటే హాయిగా వాడుకోవచ్చు. 500 దాటితే వాననీటితోనో ఆర్వో నీటితోనో సగానికి సగం కలపండి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ళు మాత్రం పోయకండి. ఉప్పు అంతా అందులోనే ఉంటుంది. ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీటిలో సోడియం ఎక్కువ, అదీ పనికిరాదు. మేడ మీద వాన నీరు పట్టి మూత ఉన్న డ్రమ్ములో దాచుకోగలిగితే వాండాలకు అంతకు మించిన నీరు లేదు.

ఎన్నిసార్లు అన్నదానికి లెక్క కంటే వేరు రంగే నమ్మకమైన కొలత. స్ప్రేయరుతో వేర్లను తడిపి అయిదు నిమిషాలాగి మళ్ళీ తడపండి. మొదటి తడుపుకు పై పొర తేమెక్కుతుంది, రెండో తడుపుకు నిండా పీలుస్తుంది. వేరు పొడుగునా ఆకుపచ్చగా మారితే చాలు. ఒక్క తుంపర కొట్టి వదిలేస్తే మొక్క ఎప్పుడూ అరకడుపుతోనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చెక్కకు కట్టిన మొక్కకు ఉదయం ఆరేడు గంటలకు ఒకసారి, సాయంత్రం అయిదు లోపు మరోసారి కావాలి. వడగాలి వీచే రోజుల్లో ఉదయం వేర్లను మాత్రం పావుగంట బకెట్లో ముంచండి, కాండం మునగకూడదు. వానాకాలంలో వేరు తెల్లగా ఆరినప్పుడే నీళ్ళు. చలికాలంలో రోజు విడిచి రోజు ఉదయం పూట చాలు. సాయంత్రం తడి అప్పుడు ప్రమాదం.

మిట్టమధ్యాహ్నం ఎండలో పోయకండి, ఆకుల మొదట్లో నిలిచిన నీరు వేడెక్కి కణాలను ఉడికిస్తుంది. మరో సంగతి: వాండా లాంటి మందపాటి ఆకుల ఆర్కిడ్లు రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. అందువల్ల రాత్రి గాలిలో తేమ వాటికి మేలు చేస్తుంది. సాయంత్రం మొక్కలకు కాక కింది నేలకు, పక్క గోడకు నీళ్ళు చల్లితే తేమ దొరుకుతుంది, మొవ్వూ తడవదు.

ప్రశ్న: మొక్క ముదురాకుపచ్చ ఆకులతో కళకళలాడుతోంది. మూడేళ్ళయినా ఒక్క పువ్వు లేదు. — పాఠకురాలు, గుంటూరు

ముదురాకుపచ్చ అన్నారు, కారణం అదే. వెలుతురు చాలడం లేదు.

ఇది ఆకురాల్చే అడవుల మొక్క. ఎండాకాలం మొదట్లో చుట్టుపక్కల చెట్లు ఆకులు రాల్చుకుంటాయి, అప్పటిదాకా నీడలో ఉన్న వాండా మీద ఒక్కసారిగా వెలుగు పడుతుంది. పూలకాడ ఆ వెలుగు తరవాతే వస్తుంది, వేసవి నుంచి తొలకరి దాకా పూస్తుంది. వరండాలో ఏడాది పొడుగునా ఒకే నీడలో ఉంచితే మొక్కకు ఆ మార్పు అందదు. బాగా వెలుగు అందుతున్న మొక్క ఆకు లేత ఆకుపచ్చలో, కొద్దిగా పసుపు ఛాయతో ఉంటుంది. అక్కడక్కడ ఊదా చుక్కలు వచ్చినా ఫరవాలేదు.

ఉదయం పది దాకా నేరుగా ఎండ, ఆ తరవాత 50 శాతం షేడ్‌నెట్ ఉన్న చోటు చూడండి. ఒక్క రోజులో మార్చొద్దు. నీడలో పెరిగిన ఆకు గంటల్లో మాడుతుంది, ఆ తెల్లమచ్చ మళ్ళీ పోదు, అందులోంచే తెగులు దిగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ఎండ మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా జరపండి. మధ్యాహ్నం ఆకును చేత్తో తాకండి. వేడిగా తగిలితే ఒక అడుగు వెనక్కి జరపండి.

పూలు రాలేదని పొటాష్ ఎరువులు దట్టించడం చాలామంది చేసేపని. వెలుతురు లేని చోట ఏ ఎరువూ పూయించదు.

ప్రశ్న: ఎరువు ఏది, ఎంత? బియ్యం కడిగిన నీళ్ళు, మజ్జిగ, పేడనీళ్ళు ఇవ్వొచ్చా? — పాఠకులు, ఒంగోలు, నిజామాబాద్

తక్కువ మోతాదు, ఎక్కువసార్లు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీటిలో కరిగే 19-19-19 ఎరువును లీటరుకు అర గ్రాము కలిపి జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి వేర్ల మీద పిచికారీ చేయండి. ముందు మామూలు నీటితో తడిపి, పది నిమిషాల తరవాత ఎరువు నీళ్ళు ఇవ్వాలి. పొడి వేరు మీద నేరుగా పడితే కొస మాడుతుంది. మూడు వారాలకోసారి కాల్షియం నైట్రేట్ అర గ్రాము, నెలకోసారి మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము లీటరుకు ఇవ్వండి. ఈ రెంటినీ ఒకే రోజు కలపకండి, 19-19-19తో కాల్షియం నైట్రేట్‌నూ కలపకండి. అడుగున తెల్లగా పేరుకుపోయి మొక్కకు అందవు. ఫిబ్రవరిలో రెండు మూడు సార్లు 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఇవ్వొచ్చు. చలికాలంలో నెలకోసారి చాలు. నెలకు కనీసం ఒక వారం ఎరువు మాని మంచినీటితో వేర్లను బాగా కడగండి.

బియ్యం కడిగిన నీళ్ళు, మజ్జిగ వద్దు. వేరు మీది స్పంజి పొరలో పిండి, కొవ్వు పేరుకుని బూజు పడుతుంది, చీమలు వస్తాయి, చీమల వెనకాలే పిండినల్లి వస్తుంది. పేడనీళ్ళు ఇవ్వాలనే ఉంటే బాగా మాగిన పేడను నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, ఆ తేటకు ఇరవై రెట్లు నీళ్ళు కలిపి వానాకాలంలో నెలకోసారి ఇవ్వండి. వడగట్టనిది పొరను మూసేస్తుంది.

ప్రశ్న: నడిమధ్య ఆకు నల్లబడి, లాగితే ఊడి వచ్చింది. దుర్వాసన వస్తోంది. — పాఠకుడు, కాకినాడ

మొవ్వు కుళ్ళు. ఆలస్యం చేస్తే నాలుగైదు రోజుల్లో కాండం మొత్తం పోతుంది. మొక్కను వెంటనే వాన తగలని, గాలి ఆడే చోటికి మార్చి తలకిందులుగా వేలాడదీసి నీరు కారిపోనివ్వండి. కుళ్ళిన భాగాన్ని, దాని కింద ఒక సెంటీమీటరు మంచి భాగంతో సహా కాల్చిన బ్లేడుతో కోసేయండి. కోసిన చోట లోపల గోధుమరంగు వలయం కనబడితే ఇంకా కిందికి కోయాలి. తెల్లగా, ఆకుపచ్చగా శుభ్రంగా కనబడేదాకా ఆగొద్దు. లీటరుకు 2 గ్రాముల మెటలాక్సిల్, మాంకోజెబ్ మిశ్రమం మందును మొక్కంతా తడిసేలా పిచికారీ చేసి వారం తరవాత ఇంకోసారి చేయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు వాండాకు వాడొచ్చు, వేళ్ళ కొసలకు మాత్రం తగలనీయకండి. అదే మందును పక్కనున్న డెండ్రోబియం ఆర్కిడ్ల మీద పడనీయకండి, వాటికి రాగి పడదు. వారం పాటు నీళ్ళు వేర్లకే, అదీ పొదుపుగా.

మొవ్వు పోయిన కాండం ఇక పైకి పెరగదు. అయినా పారేయకండి. వేర్లు బాగుంటే కొన్ని నెలల్లో కింది కణుపుల్లోంచి పక్క పిలక వస్తుంది, ఒక్కోసారి రెండు మూడు కూడా.

పురుగుల గురించి అడిగినవారికి క్లుప్తంగా: ఆకు అడుగున గోధుమరంగు పొలుసులు, ఆకు మొదట్లో తెల్లటి పిండినల్లి కనబడితే సబ్బునీటిలో ముంచిన మెత్తటి బ్రష్షుతో రుద్ది, వేపనూనె 5 మి.లీ., ద్రవ సబ్బు 1 మి.లీ. లీటరు నీటికి కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. గుడ్లలోంచి వచ్చే కొత్త పిల్లలను కూడా పట్టాలంటే వారం ఎడంతో మూడుసార్లు చేయాలి. మొగ్గలు విచ్చుకోకుండా వంకర పోతే తామర పురుగులు. స్పైనోశాడ్ 0.3 మి.లీ. లీటరుకు సరిపోతుంది, తేనెటీగలు తిరగని పొద్దుగూకే వేళ కొట్టండి. వేరు కొసలు రాత్రికి రాత్రి మాయమైతే నత్తలు. టార్చి పట్టుకుని ఏరడమే మందు.

ప్రశ్న: ఉత్తరం వైపు బాల్కనీ, ఎండ అసలు రాదు. వాండా పెంచవచ్చా? — పాఠకురాలు, విజయవాడ

బతుకుతుంది, పూయదు. నీడలోనే పూసే ఫెలనాప్సిస్ మీ బాల్కనీకి సరైన ఆర్కిడ్.

ప్రశ్న: మా వాండాకు కాయ కాసింది. పగిలాక పొడిలాంటి గింజలు తీసి కొబ్బరి పీచు మీద చల్లాను. ఏడాదైనా ఒక్కటీ మొలవలేదు. — ఉపాధ్యాయుడు, కడప

మొలవవు. ఆర్కిడ్ గింజలో పిండపోషక పదార్థం లేదు. ఒక కాయలో గింజలు లక్షల్లో ఉన్నా దేనికీ సొంత ఆహారం ఉండదు. ప్రకృతిలో బెరడు మీద ఉండే కొన్ని శిలీంధ్రాలు గింజలోకి చేరి చక్కెరలు అందిస్తేనే మొలక సాగుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్డ్ 1899లో ఈ సంబంధాన్ని గుర్తించాడు. 1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే చక్కెర, లవణాలు కలిపిన అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద ఆర్కిడ్ గింజలను మొలిపించాడు. ఇవాళ్టి ల్యాబ్ ఆర్కిడ్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

మీకు రెండు దారులున్నాయి. మళ్ళీ కాయ వస్తే అది పగలకముందే, పచ్చగా ఉండగానే కణజాల వర్ధన ల్యాబ్‌కు ఇవ్వండి. మూసి ఉన్న కాయ లోపల క్రిములు ఉండవు కాబట్టి పైభాగాన్ని శుద్ధి చేసి గింజలను నేరుగా సీసాలో చల్లగలరు. పగిలిన కాయ గింజలను శుద్ధి చేయడం కష్టం, చాలా పాడవుతాయి. రెండోది, కాయను చెట్టు మీదే పగలనివ్వడం. ముసలి వాండా పాకిన కొమ్మ మీదే సరైన శిలీంధ్రం ఉండే అవకాశం ఎక్కువ. పాత వేర్ల పక్కన చిన్న మొలకలు కనబడేది అక్కడే. బలహీనమైన మొక్క మీద మాత్రం కాయ ఉంచొద్దు, నెలల తరబడి అది మొక్క బలాన్ని లాగుతుంది.

సీసా మొక్కలు తిరిగి మీ చేతికి వచ్చాక తొలి నెలలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది, అందుకే వివరంగా చెబుతున్నాం. సీసాలోకి గోరువెచ్చని నీళ్ళు పోసి మెల్లగా తిప్పి మొక్కలను బయటికి తీయండి. వేర్లకు అంటిన అగార్‌ను పూర్తిగా కడగండి. కాస్త మిగిలినా అందులోని చక్కెరకు బూజు పడుతుంది. లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ శిలీంధ్రనాశిని కలిపిన నీటిలో అయిదు నిమిషాలు ముంచి, కాగితం మీద అరగంట ఆరనివ్వండి. చిన్న రంధ్రాల ప్లాస్టిక్ కుండీలో శనగగింజ సైజు బొగ్గు, నానబెట్టి కడిగిన కొబ్బరి చిప్స్ వేసి, ఒకే కుండీలో ఎనిమిది పది మొక్కలను దగ్గరగా నాటండి. గుంపుగా ఉంటే వాటి మధ్య తేమ నిలుస్తుంది. 75 శాతం షేడ్‌నెట్ కింద, మొదటి రెండు వారాలు పైన రంధ్రాలు చేసిన పారదర్శక మూత పెట్టి ఉంచి, ఆ తరవాత మూతను రోజుకు కాస్త ఎక్కువసేపు తెరుస్తూ పోండి. ఎరువు లీటరుకు పావు గ్రాము, అదీ కొత్త వేరు కొస కనబడ్డాకే. ఆకులు నాలుగైదు అంగుళాలు వచ్చాక విడదీసి బుట్టలకు మార్చండి. తొలి పువ్వుకు సీసా నుంచి నాలుగైదేళ్ళు పడుతుంది.

అంత ఆగలేనివారికి పిలకలే దగ్గర దారి. పాత మొక్క మొదట్లో వచ్చిన పిలకకు సొంతంగా మూడు వేర్లు, ఒక్కొక్కటి మూడంగుళాల పొడవు వచ్చేదాకా తల్లి మీదే ఉంచి, తొలకరిలో కాల్చిన కత్తితో వేరు చేసి, కోతకు మాంకోజెబ్ ముద్ద పూసి, రెండు రోజులు ఆరబెట్టి కట్టుకోండి. కింది ఆకులన్నీ రాలి కాండం బోసిగా పొడవెక్కిన మొక్కనైతే, పైభాగానికి కనీసం మూడు నాలుగు గట్టి వేర్లు మిగిలేలా వాటి కింద కోసి కొత్తగా కట్టండి. మిగిలిన మొండిని కదపకుండా ఉన్నచోటే ఉంచి తడుపుతూ ఉంటే దానికీ పిలకలు వస్తాయి.